అవ్వ వదులుకున్న నీడ

పోయిన నెల మా పక్కింటి అవ్వ కన్నుమూసింది. పొద్దున్నే ఆమె కోడలు గోడ దగ్గరికి వచ్చి, "అక్కా, అవ్వ ఎంత పిలిచినా లేస్తాలేదు" అని మా ఆవిడను పిలిచింది. మేం వెళ్లేసరికే ఒళ్లు చల్లబడిపోయింది. వయసైపోయింది కదా అన్నాడు డాక్టరు. కావచ్చు. కానీ ఆమె గురించి రాయాలని కూర్చుంటే, కృతజ్ఞత కంటే ముందు సిగ్గు ముంచుకొస్తోంది.

తిరుపతి నుంచి చంద్రగిరి వెళ్లే దారిలో ఒక కాలనీ మాది. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. అవ్వ పూలు కట్టేది. కొడుకు మార్కెట్ నుంచి తెచ్చిన మల్లెలు, కనకాంబరాలు తడిగోనె మీద పోసుకుని, వాళ్ల వాకిట్లోని వేపచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చునేది. చూపు మందగించినా వేళ్లు తడబడేవి కావు. శుక్రవారం వస్తే మూర పూలు గోడ మీద పెట్టి, "పాపా, తలలో పెట్టుకో" అని మా ఆవిడను కేకేసేది. నేను కాలేజీ నుంచి రాగానే, "పిలకాయలు మాట ఇన్నారా సారూ?" అని అడగని రోజు లేదు.

మూడేళ్ల కిందట మేడ మీద సోలార్ పలకలు పెట్టించాలనుకున్నాం. చూడటానికి వచ్చినతను అన్నీ కొలిచి, వేపచెట్టు వైపు చెయ్యి చూపించాడు. "మద్యాన్నం నుంచి దీని నీడ పలకల మీద పడతాది సార్. ఒకటి రెండు కొమ్మలు కొడితే సాలదు. చెట్టు తీసేయాల్సిందే."

ఆ సాయంత్రమే అవ్వతో చెప్పాను. ఆమె పూలు కట్టడం ఆపింది.

"దీని కిందే గదా సారూ నేను కూసునేది! పూలకి ఎండ తగిలితే సాయంత్రానికే ముసలివైపోతాయి."

నేను వదల్లేదు. వారం రోజులు రోజూ వెళ్లాను. సూర్యుడు ఊరికే ఇచ్చే కరెంటు గురించి, బొగ్గు పొగ గురించి క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆమె ఊఁ కొట్టేది కానీ ఒప్పుకోలేదు. చివరి రోజు నాకు విసుగొచ్చింది.

"చెట్టు నీదే కావచ్చు అవ్వా. మా మేడ మీద పడే ఎండ మాత్రం నాది" అన్నాను.

ఆ మాట ఎలా నోటికొచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆమె తలెత్తి నా ముఖం చూసింది. "నిజమే సారూ. నీ ఎండకు నేనెందుకు అడ్డం? కొట్టించుకో" అంది. మర్నాడే మనుషులను పిలిపించి చెట్టు కొట్టించాను. కొడుతున్నంతసేపూ ఆమె లోపలి నుంచి బయటికి రాలేదు.

ఆ తర్వాత నేను పలకలు పెట్టించలేదు.

ఎందుకని అడిగితే సరైన కారణమొక్కటీ చెప్పలేను. కొన్నాళ్లు ఆగితే ఇంకా మంచివి వస్తాయని బావమరిది అన్నాడు, ఆగాను. మేడ మీద ఇంకో గది వేస్తే పలకలకు చోటుండదేమో అనుకున్నాను. కొండ మీది నుంచి వచ్చే కోతులు వాటి మీద దూకితే ఎలా అనుకున్నాను. ఒకసారి కాగితాలన్నీ సిద్ధం చేసుకుని కూడా సంతకం పెట్టకుండా పక్కన పెట్టేశాను. ఇంతలో మూడు ఎండాకాలాలు గడిచిపోయాయి.

ఆ మూడు ఎండాకాలాలూ అవ్వ మా ప్రహరీ గోడ నీడలో పూలు కట్టింది. ఆ నీడ జానెడే. గంట గంటకూ చాప జరుపుకునేది. మిట్టమధ్యాహ్నం అదీ ఉండదు. అప్పుడు పూలన్నీ ఎత్తుకుని రేకుల ఇంట్లోకి వెళ్లిపోయేది. ఒక్కసారి మాత్రం, "ఇంగా పెట్టలేదా సారూ?" అని అడిగింది. "ఈ ఏడు పెడతా అవ్వా" అన్నాను. మళ్లీ అడగలేదు. శుక్రవారం పూలు మాత్రం మానలేదు. నేనే ఆమె కంట పడకుండా, తల దించుకుని బండి తీసుకుని వెళ్లిపోవడం నేర్చుకున్నాను.

ఆమె పోయిన రోజు వాకిట్లో మంచం వేసి పడుకోబెట్టారు. పది కాకముందే ఎండ నేరుగా ముఖం మీదికి వచ్చింది. షామియానా రావడానికి ఆలస్యమవుతుందన్నారు. కూతురు నగరి నుంచి రావాలి. కొడుకు తల్లి తల దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. నేను కిందికి రాలేక మేడ మీదే ఉండిపోయాను.

మా ఆవిడ గొంతు వినబడింది. "ఎంతసేపని పట్టుకుంటావప్పా? అవ్వను మా వరండాలోకి తీసుకురాండి."

"సార్‌ని అడగల్ల గదక్కా" అన్నాడతను, తలెత్తి నా వైపు చూస్తూ.

కిందికి దిగి గేటు రెండు రెక్కలూ తెరిచాను. మంచం ఒక కోడు నేనూ పట్టుకున్నాను. ఆమె ఇంత తేలికని నాకు తెలియదు. కూతురు వచ్చేదాకా అవ్వ మా వరండాలో, నీడలో పడుకుంది.

ఆమెను తీసుకెళ్లాక కూతురు, కోడలు బిందెలతో నీళ్లు తెచ్చి మా వరండా కడగడం మొదలుపెట్టారు.

"వద్దమ్మా, మేం కడుక్కుంటాం" అన్నాను.

"మా మైల మీకెందుకు సార్" అంది కోడలు.

మూల మూలా రుద్ది కడిగారు. నీళ్లు మెట్లు దిగి, గేటు దాటి రోడ్డెక్కాయి. సగం రోడ్డు కూడా దాటకుండానే ఆరిపోతూ ఉంటే, నేను అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయాను.