డల్సీ ఆరు టమాటా మొక్కలు

"అందుకే నిన్నట్నుంచీ చెప్తున్నా, షో గురువారం. ఇవాళ ఆదివారం. నాలుగు రోజులు ఆగలేవా?" అన్నాను.

"ఆ గురువారమే నా తుంటి కోస్తామన్నారు. ఆ డాక్టరొచ్చి నాటిపెడతాడా?" అంది డల్సీ, మోకాళ్ల కింద గోనెసంచి సర్దుకుంటూ.

డల్సీ పైబస్‌కి డెబ్బైతొమ్మిదేళ్లు. మా హ్యూవాన్ లోయ షెడ్లలో నలభై ఏళ్లు యాపిల్స్ పెట్టెలకెత్తింది. హోబార్ట్‌లో అక్టోబరు చివర జరిగే వ్యవసాయ ప్రదర్శన, మేము షో అంటాం, అది వచ్చేదాకా ఇక్కడెవరూ టమాటా నాటరు. మాకప్పుడు వసంతమే అయినా, ముందు నాటితే మంచు కాల్చేస్తుంది. బఠాణీకి పందిరి వెయ్యండి, చిక్కుడు విత్తండి, టమాటా జోలికి మాత్రం పోకండి అని ఊరందరికీ చెప్పేది డల్సీయే.

పక్కింటి నార్మ్ డిరీన్ కంచె మీంచి తొంగిచూశాడు. "పోయినేడు నేను రెండ్రోజులు ముందు నాటితే పోస్టాఫీసు దాకా తిట్టుకుంటూ వచ్చావు కదా."

"నీది తొందర, నాది అవసరం. నోర్మూసుకుని నీళ్లివ్వు."

ఉన్నవి ఆరంటే ఆరు మొక్కలు. అత్తగారిచ్చిన విత్తనం, యాభై ఏళ్లుగా ఏటా కాగితం మీద ఆరబెట్టి దాస్తోంది. పోయినేడు తెగులు పంటంతా తినేసింది. పొట్లంలో మిగిలినవి చల్లితే మొలిచినవివే. ఇవి పోతే ఆ రకం ఇక లేనట్టే.

డల్సీయే నాటేసిందని ధైర్యమొచ్చి, ఆ సాయంత్రమే నార్మ్ నలభై నాటాడు.

గురువారం ఆపరేషన్ బాగా జరిగిందని కబురొచ్చింది. సంతోషంగా టీ పెట్టుకుంటుంటే నార్మ్ తలుపు కొట్టాడు.

"టీచరమ్మా, గాలి ఆగిపోయింది, రాత్రికి మంచు ఖాయం. కొండ చూశావా, నెత్తంతా తెలుపు."

ఇద్దరం పరుగెత్తాం. నాకు డెబ్బై రెండు, ఆయనకి ఎనభై, అయినా పరుగే అనాలి. డల్సీ మడి వాగు పక్కన పల్లంలో ఉంది, చలంతా అక్కడే చేరుతుంది. మొక్కల మీద గుడ్డ ఒక్క పొర కప్పితే ఏం చాలుతుంది? నార్మ్ తన షెడ్డులో ఉన్న కప్పుడు గుడ్డలన్నీ మోసుకొచ్చాడు.

"మరి నీవో?" అన్నాను.

"నావి ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. నువ్వా కొస పట్టుకో."

పొద్దున్నే మూడు పొరలూ ఎత్తి చూశాం. ఒకటి, రెండు, మూడు... ఆరూ పచ్చగా నిలబడి ఉన్నాయి. నేను నార్మ్‌ని కావిలించుకున్నాను, ఆయన టోపీ వాగులో పడింది. కంచెకి అవతల ఆయనవి నలభయ్యీ ఉడికిన తోటకూరలా నేలకంటుకుపోయాయి.

"నావి పోయాయని ఆవిడకి చెప్పకు. ఇంటికొచ్చాక నేనే చెప్పి తిట్లు తింటా," అన్నాడు.

వార్డుకి ఫోన్లు తొమ్మిదింటి నుంచే కలుపుతారట. ఇంకా పది నిమిషాలుంది. నంబరు ముందేసుకుని కూర్చున్నాను. డల్సీ గొంతు వినపడగానే చెప్పే మొదటి మాట, ఆరు.