అమ్మ ముందుపన్ను రంగు

మా అమ్మ మంగాయమ్మకి కాలు ఒకచోట నిలవదు. నాన్న ఈ హిందీ ఊళ్ళో రైల్వేలో ఉన్నన్నాళ్ళూ క్వార్టర్ల వరసంతా రోజుకి మూడుసార్లు చుట్టొచ్చేది. రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాకా అదే తీరు. అలాంటి మనిషి బాత్రూములో జారిపడి ముందుపన్ను విరగ్గొట్టుకుని, రెండు నెలలు గుమ్మం దాటలేదు. గదుల్లోనే అటూ ఇటూ తిరిగేది. అన్నం కూడా మాతో తినేది కాదు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. పళ్ళకి పింగాణీ క్యాపులు చెయ్యడం నా పని, పదమూడేళ్ళుగా అదే తిండి పెడుతోంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, ఎందుకు పనికిరాదో చూద్దామనుకున్నాను.

డాక్టర్ శారద గారి దగ్గరికి అమ్మని నా భార్య నీలవేణి తీసుకెళ్ళింది. నాకు తీరలేదు. డాక్టరు గారు పన్ను అరగదీసి, అచ్చు తీసి, పక్క పళ్ళ రంగేమిటో చీటీ రాసి పంపారు. ఆ చీటీ ప్రకారం పొర మీద పొర వేసి, కొలిమిలో నాలుగుసార్లు కాల్చాను. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

పది రోజుల తర్వాత, అతికించే ముందు పెట్టి చూడటానికి నేనూ వెళ్ళాను. అమ్మ నోరు తెరిచింది. పళ్ళన్నీ గోధుమరంగు, మధ్యలో నా క్యాప్ సున్నం బొట్టులా ఉంది. చీటీ తప్పు రాశారని శారద గారి మీద ఎగిరాను. ఆవిడ చీటీ రాసిన రోజు తీసిన ఫోటో చూపించారు. అందులో అమ్మ పళ్ళు తెల్లగానే ఉన్నాయి.

ఇంటి ముందు స్కూటర్ ఆపి అమ్మని నిలదీశాను. గుడాఖు అంది. పొగాకూ బెల్లం కలిపిన ముద్ద, ఇక్కడి ఆడవాళ్ళు పళ్ళకి రుద్దుకునేది. పక్క క్వార్టరావిడ పంటినొప్పికని నేర్పిందట, నేను పుట్టకముందే. డాక్టరు చూస్తే కొడుకు పరువు పోతుందని, వెళ్ళేముందు మూడు రోజులు అది మానేసి, బొగ్గుపొడీ ఉప్పూ వేసి చిగుళ్ళు నెత్తురొచ్చేలా తోముకుందట. డాక్టరు చూడ్డం అయిపోయింది, ఇక క్యాప్ తొడగడమే కదాని మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

"ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాట చెప్పలేదేటమ్మా?"

"ఒకే ఇంట్లో ఉంటన్నాం కదరా. ఊరందరి నోళ్ళూ సూస్తావు. నా నోరెప్పుడైనా సూసావేటి?"

మర్నాడు పొద్దున్నే అమ్మని వరండాలో కూర్చోబెట్టి, ఎండలో ఒక్కొక్క పన్నూ చూశాను. పళ్ళ రంగు పోల్చుకునే నా పట్టీలోని పదహారు రంగుల్లో ఆ రంగు లేదు. పింగాణీ పొడులు తెచ్చుకుని అక్కడే కలపడం మొదలుపెట్టాను.

"బేగీ కానీరా, బయటికెల్లాల," అంది అమ్మ.