ఎడమ చివర జాగా

కాదు, అది గ్రాఫిక్స్ కాదు, ఎడిటింగ్ కాదు, డ్రోన్ లెన్స్ మీద మంచు పట్టడం అంతకన్నా కాదు. పొద్దున్నించి ఇదే మాట టైపు చేసి చేసి నా బొటనవేళ్ళు పీకుతున్నాయి గానీ, అవతలివాళ్ళు వింటేగా! చెదిరిపోయిన ఒక గిరిజన అమ్మాయిల రగ్బీ జట్టు మళ్ళీ లేచిన కథని మూడేళ్ళ కిందట టీవీలో వేశారు. దాన్ని ఎవరో ముక్కలుగా కోసి నిన్న మళ్ళీ ఫోన్లలోకి వదిలారు. సినిమా మొదటి సగంలో ఆరుగురే ఎందుకు ఆడుతున్నారు, ఎడమ చివర మనిషి పట్టేంత ఖాళీ ఎందుకు వదిలారు, ఆ ఖాళీ కూడా వాళ్ళతో పరిగెడుతున్నట్టు ఎందుకుంది, రెండో సగంలో అక్కడికి ఒక పిల్ల ఎక్కణ్ణించి వచ్చింది అని అడిగితే నేనేమీ అనను, అడగాల్సిన ప్రశ్నలే. అడిగేసి, జవాబు కూడా తామే చెప్పేసుకుని, దెయ్యాన్ని కంప్యూటర్లో గీసి అడవి పిల్లల పేరు చెప్పి అమ్ముకున్నారని నవ్వుతుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే నేనక్కడ ఉన్నాను.

నాకప్పుడు ఇరవై మూడు. విశాఖలో పుట్టి పెరిగినదాన్ని, అరకు అంటే రైలు సొరంగాల్లో కేకలు పెట్టడం, బొంగు చికెన్ తిని ఫొటోలు దిగి సాయంత్రానికి ఇంటికి రావడం, అంతే తెలుసు. మీలో చాలామందికీ అంతేగా. ఆ డాక్యుమెంటరీకి ఒక డైరెక్టర్, డ్రోన్ కూడా ఎగరేసే ఒక కెమెరామన్, తీస్తున్నవాళ్ళని ఫోన్లో తియ్యడానికి నేను. మేకింగ్ వీడియో అన్నమాట. అనంతగిరి దాటాక కాఫీ తోటల్లోంచి కిందికి దిగి, ఒక గెడ్డ దాటితే ఆ ఊరు, ఊరి వెనక కొండ వాలులో చదును చేసిన మైదానం. గెడ్డ అంటే మోకాలు తడిసేంత వాగే, మేం వెళ్ళినప్పుడు పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని గలగలా దాటేసేవాళ్ళు. ఫోన్‌కి సిగ్నల్ ఆ మైదానం పక్కనున్న ఒక్క బండ మీదే వచ్చేది, అందుకని నా కాపురం ఆ బండ మీదే.

జట్టు చెదిరింది కూడా ఆ గెడ్డ వల్లే. వానాకాలంలో ఒక మధ్యాహ్నం పైన ఎక్కడో కురిసిన నీళ్ళు ఒక్కసారిగా దిగి, ఆటకని దాటుతున్న ఒక పిల్లని తీసుకుపోయాయి. ఎడమ చివర ఆడే పిల్ల, జట్టులో అందరికన్నా వేగం. ఆ తర్వాత ఇళ్ళలో ఎవరూ ఆడపిల్లల్ని మైదానానికి పంపలేదు, కొందరు కోస్తాలో రొయ్యల షెడ్లకి పనికి దిగిపోయారు. డ్రిల్లు మాస్టారు ఆ కొండల మనిషే. ఏడాది గడిచాక గడప గడపకీ తిరిగి, తిట్లు తిని, షెడ్ల దాకా వెళ్ళి, వాళ్ళని మళ్ళీ పోగేశారు. పార్వతీపురంలో పోటీలున్నాయి, అక్కడ బాగా ఆడితే ఆటల హాస్టల్లో చోటు, లేదంటే మళ్ళీ రొయ్యల షెడ్లే. ఆ పోటీలకి ఒకటే షరతు, మైదానంలో ఏడుగురు ఉండి తీరాలి.

మొదటి రోజు పొద్దున్న మంచులోంచి ఆరుగురు వచ్చి వరసగా నిలబడ్డారు. రగ్బీలో మనిషి ముందుకి పరిగెత్తాలి, బంతి మాత్రం పక్కకో వెనక్కో ఇవ్వాలి. కుడి చివర్నించి బంతి చేతులు మారుతూ వచ్చి, ఆరో పిల్ల చేతికి చేరాక ఆ పిల్ల ఎడమ పక్కకి ఒక్క క్షణం చూసి, ఇవ్వబోయినట్టు చేతులు చాచి, మళ్ళీ లోపలికి తిరిగిపోయేది. ప్రతిసారీ అంతే. ఏడో మనిషి లేదు సరే, మిగతా ఆరుగురైనా సర్దుకుని నిలబడొచ్చు కదా, అంత ఖాళీ ఎందుకని నేను గట్టిగానే అడిగాను. మాస్టారు విసుక్కోలేదు. వాళ్ళ ఊళ్ళో కొండపోడులో ఆడవాళ్ళు వరసగా నిలబడి కలుపు తీస్తారట, ఎవరి చాలు వాళ్ళది. మధ్యలో ఎవరైనా పోతే ఆ చాలుని ఇంకొకరు తొక్కరు, కలుపు తియ్యరు, కొయ్యరు, అలా వదిలేస్తారు. మళ్ళీ ఆ ఇంటి మనిషే గుప్పెట్లో విత్తనం పట్టుకుని ఆ చాలులో నడిస్తే అప్పుడు అది తెరుచుకుంటుంది. పిల్లలు మైదానానికి వస్తామన్నారు గానీ ఎడమ చివర చాలు మాత్రం తొక్కమన్నారట, ఇంట్లో పెద్దవాళ్ళూ అదే మాట మీద పంపారట. ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే, నాయనమ్మ అయిన ఒక ముసలావిడా, చనిపోయిన పిల్ల చెల్లెలూ. చెల్లెలు రోజూ మైదానానికి వస్తుంది, బయటపడ్డ బంతులు తెస్తుంది, అక్క అంత వేగంగానూ పరిగెడుతుంది. గీత లోపల మాత్రం అడుగు పెట్టదు.

మా డైరెక్టర్‌కి ఇదంతా పండగలా ఉంది. నేను మాత్రం రెండో రోజు డ్రోన్ దృశ్యం చూసి, తెర మీద ఆ ఖాళీని వేలితో కొలిచాను. పైనుంచి చూస్తే ఆరు మచ్చలు, ఒక ఖాళీ. పిల్లలు దగ్గరయ్యారు, దూరమయ్యారు, జారారు, లేచారు. ఆ ఖాళీకీ ఆరో పిల్లకీ మధ్య ఎడం మాత్రం మారలేదు. ఖాళీ ఉన్నచోట మంచు చీలి, వాళ్ళు దాటాక మూసుకుంటోంది. అలవాటు కొద్దీ పిల్లలు ఎడం పాటిస్తున్నారని కెమెరామన్ అన్నాడు. సరే, ఒప్పుకున్నాను. ఆ సాయంత్రం బడి మగపిల్లలతో ఆట పెట్టారు. వాళ్ళలో ఒక గుంటడు బంతి ఎక్కడుందో చూడకుండా ఎడమ చివర ఆ ఖాళీకి అడ్డంగా పరిగెత్తుకెళ్ళి నిలబడ్డాడు. అవతల బంతి గీత దాటేసింది. మాస్టారు తిట్టారు, ఎవర్ని కాస్తున్నావురా అని. వాడు అటు చూసి, మాస్టారి వైపు చూసి, "ఇటొస్తంది కదండి" అన్నాడు. చుట్టూ ఎవరూ నవ్వలేదు, నాకు గుర్తున్నది అదే.

చెల్లెలు బండ మీదికి వచ్చింది ఆ మర్నాడు. నేను మా వాళ్ళెవరికో మెసేజ్ పోక తిట్టుకుంటున్నాను. కెమెరామన్ నా ఫోన్లోకి పంపిన, పైనుంచి తీసిన బొమ్మ చూపించమంది. చూపించాను. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది, మళ్ళీ చూసింది. నా ఫోన్ ఎవరి చేతిలోనైనా అంతసేపుంటే నాకు ప్రాణం పోయినట్టుంటుంది, అయినా అడగలేకపోయాను. చివరికి మైదానం ఆఖరి గీత దగ్గర వేలు పెట్టి ఆపింది.

"సూడక్కా. గీత కాడికొచ్చీసరికి ఎడం పక్కకి వొంగతాది. మా అక్క ఇలాగే వొంగీది. మాస్టారు ఎన్నిసార్లు తిట్టినా మానీది కాదు."

చూశాను. ఆరుగురూ తిన్నగానే వెళ్తున్నారు. ఆ ఖాళీ ఒక్కటే, చివర్లో, కొంచెం ఎడమకి ఒరిగింది. అంతకుముందు అదెందుకు కనబడలేదో నాకిప్పటికీ తెలియదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, నువ్వు ఆడకపోతే ఈ ఆరుగురూ మళ్ళీ రొయ్యల షెడ్లకే కదా పోయేది, నీకు జాలి లేదా అని నా మామూలు ధోరణిలో అడిగేశాను. ఆ పిల్ల కోప్పడలేదు.

"నాకు తెల్దేటి? నేను నడిస్తే ఇది మూసుకుపోద్ది. మరి మా అక్క ఎక్కడికెల్తాది?"

ఎవరితో వాదన పెట్టుకున్నా ఆఖరి మాట నాదే అవ్వాలనుకునేదాన్ని. ఆ రోజు ఆఖరి మాట ఆ పిల్లకే వదిలి బండ దిగాను.

పోటీలు దగ్గర పడుతున్నాయి, సినిమాకి ఏడుగురు పరిగెత్తే దృశ్యం లేదు. మా డైరెక్టర్ ఎవరికీ చెప్పకుండా విశాఖ నుంచి ఒక క్లబ్బు అమ్మాయిని పిలిపించాడు. మంచి ఆటగత్తె, నవ్వుతూ ఉండే పిల్ల. పోటీల్లో ఆడించడానికి కాదు, పైనుంచి ఒక్క షాట్ కోసం. వద్దని మాస్టారు, మీరేం చేస్తున్నారో మీకు తెలుస్తోందా అని నేను, ఇద్దరం గొడవపడ్డాం. ఒక్క షాట్ అన్నాడు. ఆ అమ్మాయికి టీషర్టు మీదే జట్టు జెర్సీ వేయించి ఎడమ చివర నిలబెట్టాడు. మంచు దట్టంగా ఉంది. ఆరుగురూ తలలు వంచుకున్నారు. పరుగు మొదలైంది. సగం మైదానం కూడా దాటకుండానే ఆ అమ్మాయి వరసలోంచి బయటికి, గీత బయటికి వచ్చేసి ఆగిపోయింది. భయపడినట్టు లేదు, రద్దీ బస్సులో ఎవరి కాలో తొక్కినట్టు నొచ్చుకుంటోంది. ఏమైందని డైరెక్టర్ అరిస్తే, జెర్సీ విప్పి మడతపెడుతూ చెప్పింది.

"అక్కడ ఖాళీ లేదండీ."

ఆ అమ్మాయికి మేమెవరం ఆ చాలు సంగతి చెప్పలేదు. పిల్లలు చెప్పారేమో అంటారు కదూ? మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయేదాకా ఆ అమ్మాయి నా పక్కనే ఉంది, నేనే అన్నం పెట్టాను. ఎవరూ చెప్పలేదు.

ఇదంతా చెల్లెలు గీత బయట బంతి ఒళ్ళో పెట్టుకుని చూసింది. మర్నాడు తెల్లవారాక మేం వెళ్ళేసరికి వాళ్ళ నాయనమ్మతో కలిసి మైదానం మొదట్లో నిలబడి ఉంది, కుడిచేతి గుప్పెట బిగించి. గుప్పెట్లో చోళ్ళు, అంటే మన రాగులే. ఏమ్మా, నిశ్చయమేనా అని మాస్టారు అడిగితే, తల తిప్పకుండా చెప్పింది. "పరాయోలు తొక్కీ కన్నా నేను తొక్కుతాను."

డైరెక్టర్ కెమెరా ఎత్తబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. నా ఫోన్ మాత్రం నా చేతిలోనే ఉంది, ఎప్పటిలాగే నడుస్తోంది. పిల్ల చాలులో అడుగుపెట్టి, రెండేసి గింజలు రాలుస్తూ నడిచింది. సరిగ్గా మధ్యన నడవలేదు. ఇద్దరు పట్టే సందులో ఒకరు నడిచినట్టు, కుడి పక్కన కొంచెం చోటు వదిలి నడిచింది. చివరి గీత దగ్గరికి వచ్చాక ఒక్క క్షణం ఎడమకి ఒరిగి, మిగిలిన గింజల్ని, వెనక్కి చూడకుండా, బంతి అందించినట్టు వెనక్కి అందించింది. చల్లలేదు, విసరలేదు, అందించింది. గుప్పెట విప్పిన తీరుకీ విసిరిన తీరుకీ తేడా నాకు తెలుసు. తర్వాత నేను ఆ చోట మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను, గడ్డిలో ఒక్క గింజా కనబడలేదు. చోళ్ళంటే ఆవాలంత కూడా ఉండవు, గడ్డిలో కనబడవనండి, అంటారని నాకు తెలుసు. వానలు పడ్డాక ఆ చాలు పొడవునా చోడి మొలకలు వచ్చాయనీ, చివరి గీత దగ్గర మాత్రం ఒక్కటీ రాలేదనీ మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. దానికేమంటారు?

ముసలావిడ నా దగ్గరికొచ్చి ఫోన్ వంక చూసింది. "నీ కాడ ఉంటే ఉండనీ గుంటా. ఊరందరికీ సూపించకు" అంది. సరేనన్నాను. పార్వతీపురంలో ఏడుగురు ఆడారు, ఫైనల్లో ఓడారు గానీ హాస్టల్లో చోటు వచ్చింది, చెల్లెలు ఎడమ చివర బంతి అందుకుని రెండుసార్లు గీత దాటింది. ఆ నడక లేకుండానే సినిమా టీవీలో వచ్చింది, అందుకే మధ్యలో ఏదో కోసినట్టు మీకనిపిస్తుంది. కోత ఉంది, నిజమే. ముసలావిడ మాట కోసం నేనే ఆ నడక వాళ్ళకి ఇవ్వలేదు. ఆ తునక నా ఫోన్లో ఉంది. తడిగడ్డి మీద అడుగుల చప్పుడు అందులో వినిపిస్తుంది, చివరి గీత దాకా ఇద్దరివి, తర్వాత ఒక్కరివి. దాన్ని పెట్టేస్తే ఈ వాదన ఒక్క నిమిషంలో అయిపోతుంది. అందుకే పొద్దున్నించి ఇంత కోపంతో టైపు చేస్తున్నాను, పెట్టకూడదు కాబట్టి.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. గెడ్డ మీద వంతెన వేశారు. మైదానానికి కంచె, ఎదురు వాలులో డేరాల రిసార్టు, మన వయసు వాళ్ళు అక్కణ్ణించి దిగి వచ్చి, పిల్లల దగ్గర బంతి అడిగి తీసుకుని, రీళ్ళ కోసం ఎడమ చివరికి విసిరి కేకలు పెడుతున్నారు. జట్టులో అందరూ కొత్త పిల్లలు, బంతి ఏడో చేతి దాకా నిరాటంకంగా వెళ్తోంది, ఎవరూ ఎడమకి ఒరగడం లేదు. చక్కగా ఆడుతున్నారు. బాగుంది, అలాగే ఉండాలి. అయినా నేను బండ మీద కూర్చుని, సిగ్నల్ ఫుల్లుగా వస్తున్నా ఫోన్ తియ్యకుండా, చీకటి పడేదాకా ఆ మంచులో ఒక ఎడం కోసం వెతికాను. దొరకలేదు. చెల్లెలు హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్తే, తనకీ అక్కడ పరిగెడుతుంటే కుడి పక్క ఖాళీగా అనిపిస్తోందంది.

సరే, గ్రాఫిక్సే అనుకోండి. అయితే ఒక పని చెయ్యండి. తెల్లవారి మంచు ఉండగా ఆ మైదానానికి వెళ్ళి, ఫోన్ జేబులో పెట్టేసి, ఎడమ చివర నుంచి ఆ గీత దాకా ఒక్కసారి పరిగెత్తండి. గీత దగ్గర మీ ఒళ్ళు దానంతట అది ఎడమకి ఒరక్కుండా ఉంటుందని నా ఎదురుగా నిలబడి చెప్పగలరా?