మా మామ కుండలో నానబెట్టిన డోలమైట్

మా చిన్నప్పుడు... ఇందుమూలంగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా, సముద్రం లక్షల ఏళ్ళు తంటాలు పడి చేసే డోలమైట్ రాయిని కుండలో చేయబూనిన మొట్టమొదటి మనిషి మా మేనమామ! ఊరు కావలి దగ్గర, సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె పక్కన.

ఆ ఏడు మామ ఉన్న పొలమంతా తవ్వించి రొయ్యల గుంట వేశాడు. ఇక పట్టి అమ్మడమే తరువాయి అనగా రొయ్యల పెంకు మెత్తబడింది... వేలితో నొక్కితే సొట్ట పడేది. మెత్త రొయ్యను కొనేవాడు ముట్టుకోడు. డోలమైట్ పొడి చల్లమని గుంటలవాళ్ళంతా చెప్పారు.

"రాతిపొడికి రొయ్య గట్టిపడుద్దంట! అంత తెలివైన రాయి యాడ పుట్టిందిరా అబ్బయా?" అన్నాడు మామ.

నేనప్పుడు ఏడో తరగతి వెలగబెడుతున్నాను. సైన్స్ అయ్యవారు చెప్పింది అప్పజెప్పాను. సముద్రం అడుగున గుల్లలూ, సున్నపు బురదా పేరుకుని సున్నపురాయి అవుతుంది... అందులోకి మెగ్నీషియం ఎక్కువున్న చిక్కటి ఉప్పునీళ్ళు ఇంకుతాయి... రాయిలోని కాల్షియం కొంత బయటికి పోయి, ఆ చోట్లో మెగ్నీషియం కూర్చుంటుంది. అదే డోలమైట్.

మా అత్త పుట్టింటివాళ్ళవి ఉప్పు మడులు. "ఉప్పు తీసినాక మడిలో చేదు నీళ్ళు మిగుల్తాయి గదా... ఆ చేదు మెగ్నీషియందేనని మా నాయన అనేవాడు" అంది.

అనకుండా ఉండాల్సింది. సాయంత్రానికల్లా పెరట్లో కుండ... కుండలో సముద్రపు గుల్లలు... వాటి మీద చేదు నీళ్ళు.

"మామా, లక్షల ఏళ్ళు పడుద్దంట!"

"అది సముద్రం రా! అంత పెద్దది గాబట్టి అన్నేళ్ళు. మనది కుండే గదా, బిరాన అవుద్ది."

రోజూ పొద్దున్నే మూత తీసి, ఒక గుల్ల కొరికి చూసి, "ఇంకా కాలేదు" అనేవాడు. అవతల గుంటలో రొయ్యలు ఇంకా మెత్తబడుతున్నాయి.

"ఏందయ్యా, రాయి నానబెట్టేదానికి ఓపికుంది గానీ, కావలి బస్సెక్కేదానికి లేదా?" అని అత్త అరిచి, అరిచి, చివరికి తనే పోయి డోలమైట్ మూటలు తెచ్చింది. చల్లారు. పెంకు గట్టిపడింది... పంట గట్టెక్కింది.

ఇప్పుడు ఫోన్ కొడితే మూటలు గుంట గట్టు మీదికే వస్తున్నాయి. ఆ రాయి ఎక్కడ పుట్టిందని అడిగేవాడే లేడు... మీ ఇళ్ళలోనూ ఇలాంటి సైంటిస్టులు ఉండే ఉంటారు, దాచకుండా చెప్పండి.

అన్నట్టు, ఇందులో ఒక్కటి మాత్రం పచ్చి అబద్ధం. పంట గట్టెక్కలేదు. మూటలు వచ్చేసరికే ఆలస్యమైపోయింది. మరుసటేడు మామ వేరేవాళ్ళ గుంటకు కాపలా పోయాడు.

ఇన్నేళ్ళకు ఇక్కడైనా ఆయన పంట చేతికి రానీ అనిపించింది... రాసేశాను.