మా వియ్యపురాలు పట్టుకున్న పాదం

పోయిన నెలలో మంచిర్యాల నుంచి అల్లుడు ఫోన్ చేసి, "మామా, అవ్వ పోయింది" అన్నాడు. మా వియ్యపురాలు ఇక లేదు. ఏడుస్తూనే రాస్తున్నాను, కానీ కడుపు నిండిన సంతోషంతో రాస్తున్నాను. నా బిడ్డ ఇవాళ రెండు కాళ్ల మీద నడుస్తున్నదంటే ఆ తల్లి చలవే!

ఎవరింటికి పోయినా కాళ్లకు నీళ్లిస్తారు. ఆమె నీళ్లిచ్చి అరికాళ్లు కూడా చూసేది. "సిగ్గేంది అన్నా, ఎత్తు జర. పెండ్లిచూపులా ఏంది!" అని నవ్వేది. ఆమెకు ఇరవై ఏళ్లకు పైగా షుగర్. మొదట పాదాలకు స్పర్శ పోయింది, తర్వాత కంటిచూపు మసకబారింది, చివరికి కిడ్నీలు చెడిపోయాయి.

నా బిడ్డకు రెండో కాన్పప్పుడు షుగర్ వచ్చింది, పోలేదు. ఏ నొప్పీ లేదనేది. మేమూ నిమ్మళంగా ఉన్నాం.

ఒక శ్రావణ శుక్రవారం నా చేనులో పండిన పసుపు పట్టుకుని మంచిర్యాలలో అల్లుడికి కంపెనీ ఇచ్చిన క్వార్టరుకు పోయాను. వియ్యపురాలు కోడలిని పీట మీద కూర్చోబెట్టి కాళ్లకు పసుపు రాస్తున్నది.

"అత్తమ్మా, మీరు నా కాళ్లు ముట్టుడేంది?"

"ముట్టకుంటే ఎట్ల తెలుస్తది? కదలకు."

వేళ్ల సందున ఒక పగులు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అందులోకి పసుపు ఒత్తింది.

"మండుతలేదా?"

"ఏం మండుడు అత్తమ్మా?"

ఆమె ముఖం మారిపోయింది. "అన్నా, లే. ఆటో పిలువు."

"గింత పగులుకు దవాఖానా ఎందుకు చెల్లె? పండుగ పూట!"

"నాది గూడ గింతే ఉండె. ఇప్పుడు నా బొటనవేలు ఏడున్నది, సూపియ్యి! నొప్పి లేదన్నప్పుడే ఫికర్ చెయ్యాలె."

డాక్టర్ చూసి, లోపల చీము పట్టిందని, ఇంకొన్నాళ్లు ఆగితే ఎముకకు పాకేదని చెప్పాడు. నెలల తరబడి కట్లు కట్టారు. పుండు మానింది. షుగర్ కూడా అదుపులోకి వచ్చింది. దాన్ని అట్లాగే పట్టి ఉంచుకుంటుంది నా బిడ్డ, నాకు నమ్మకం ఉంది.

వియ్యపురాలు కరీంనగర్‌లో డయాలసిస్ చేయించుకునేటప్పుడు పలకరించడానికి పోయాను. "నా ఒంట్ల ఇల్లు గట్టుకున్నది అన్నా ఈ షుగర్. కోడలి కాడికైతే గడప దాటనియ్య!" అన్నది. అత్తగారు అట్లా ఉంటారా? ఉంటారు, నేను చూశాను.

దశదినం నాడు గోదావరికి పోయాం. ఎండకు ఇసుక కాలుతున్నది. స్పర్శ లేని పాదానికి ఆ కాలడం తెలియదు. ఒక పెద్దాయన, "చెప్పులు ఇడువు బిడ్డా" అన్నాడు. నా బిడ్డ వంగింది. గుండు చేయించుకుని తడిబట్టలతో ఉన్న అల్లుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇడువకు. అవ్వ తిడ్తది."

పెద్దాయన పక్కకు జరిగి దారిచ్చాడు. అందరూ నీళ్లలోకి దిగారు. నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఇసుక నిండా వట్టి పాదాల గుర్తులు, వాటి నడుమ నీళ్ల దాకా తిన్నగా పోయిన ఒక చెప్పుల జాడ.