పావుతక్కువ ఏడుకు రీస్టార్ట్

కెనడాలోని సస్కటూన్‌లో నేను పనిచేసే ధాన్యం కంపెనీలో ఒక జావా ప్రోగ్రామ్ ఉంది. రైతు లారీ కాటా ఎక్కగానే తూకం చీటీ ఇవ్వడం దాని పని. పది దాటాక చిటికెలో ఇస్తుంది. పొద్దున్నే ఏడుకు మాత్రం మొండికేస్తుంది. మైనస్ ముప్పై చలిలో గోధుమ లారీలు బారులు తీరతాయి.

దాన్ని చూసుకోవాల్సింది నేనే. శుక్రవారంతో ప్రొబేషన్ అయిపోతుందని, ఆలోపు ఈ సంగతి తేలకపోతే వేరే ఉద్యోగం చూసుకోవాలని మేనేజర్ చెప్పేశాడు. ఈ దేశంలో స్థిరపడటానికి పెట్టబోయే నా పీఆర్ అప్లికేషన్ ఈ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది.

నేను చేయని వైద్యం లేదు. మెమరీ పెంచాను. వాడేసిన మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్‌ను మార్చాను. ఇంటర్నెట్‌లో ఏ మహానుభావుడో రాసిన సెట్టింగులు, అర్థమైనవీ కానివీ, అన్నీ తగిలించాను. ప్రోగ్రామ్‌ను స్టార్ట్ చేసే లైను పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లలా సాగిపోయింది.

వీటికి తోడు నా సొంత శ్రద్ధ ఒకటి. రోజూ అందరికంటే ముందొచ్చి పావుతక్కువ ఏడుకు ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేసేవాణ్ణి. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు. ఎవరూ చెయ్యమనలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

బుధవారం పార్కింగ్‌లో కారు ఇంజన్ చల్లబడకుండా హీటర్ వైరు తగిలిస్తున్నాను. కాటా గదిలో పనిచేసే పెద్దావిడ పక్కనే తన ట్రక్కుకూ తగిలిస్తోంది. ఇంత పొద్దున్నే వచ్చి ఏం చేస్తావని అడిగింది.

"ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తా. ఫ్రెష్‌గా ఉంటుంది" అన్నాను గర్వంగా.

ఆవిడ నా చేతిలో వైరు చూసింది. "కారును వెచ్చగా ఉంచుతావు. ప్రోగ్రామ్‌ను మాత్రం చల్లార్చి మరీ లోడు లాగమంటావా?"

వైరు చేతిలో ఉండగానే సంగతి తట్టింది. ఆవిడకు జావా తెలియదు. నాకు తెలుసు, సిగ్గంతా అక్కడే. జావా యంత్రం మొదట్లో కోడ్‌ను కూడబలుక్కుంటూ నడిపిస్తుంది. ఏ భాగాలు మాటిమాటికీ అవసరమవుతున్నాయో గమనించి, వాటిని వేగంగా నడిచేలా మార్చుకుంటుంది. పదింటికల్లా అది నేర్చుకున్నదంతా మర్నాడు పొద్దున్నే నేనే తుడిచేస్తున్నాను.

గురువారం రీస్టార్ట్ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాను. మొదటి లారీ కాటా ఎక్కింది, చీటీ వచ్చేసింది.

గుంటూరు నుంచి అమెరికా మీదుగా వచ్చిన మా టీమ్ లీడ్‌కు ఫోన్ చేశాను. "అన్నా, తప్పు నాదే. రేపు ఏం చెప్పను?"

"వార్మప్ స్ట్రాటజీ ఇంప్లిమెంట్ చేశా అని చెప్పు తమ్ముడూ. పీఆర్ వచ్చేదాకా నోరు మూసుకో."

శుక్రవారం దారి పొడవునా ఆ మాట వల్లెవేసుకుంటూ వెళ్లాను. మేనేజర్ ఏం మార్చావని అడిగాడు. వార్మప్ స్ట్రాటజీ అన్నాను. ఆయన తలూపాడు.

"ఈ ఇబ్బంది ఎప్పట్నించి ఉంది?"

"మూడు నెలల నుంచి."

"నువ్వు చేరి ఎన్నాళ్లయింది?"

"మూడు నెలలు" అన్నాను. ఇక దాచడానికేమీ మిగల్లేదు. మొత్తం చెప్పేశాను.

ఆయన కిటికీలోంచి చకచకా కదులుతున్న లారీలను చూశాడు. సోమవారం నుంచి ఎనిమిదికి ముందు ఆఫీసులో కనిపించొద్దన్నాడు. ఉద్యోగం ఉన్నట్టేనని నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత పీఆర్ కోసం నేను అడిగిన ఉద్యోగ ధ్రువీకరణ ఉత్తరం మీద సంతకం చేసి, అందులో నా బాధ్యతల జాబితా చివర చేత్తో ఒక వాక్యం చేర్చాడు: "బాగా నడుస్తున్నదాన్ని ముట్టుకోకుండా ఉండగలడు."

ఆ ఉత్తరాన్నే అప్లికేషన్‌కు జతచేసి పంపాను.