ఒకటో నంబరు చొక్కా

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు లీగులో చేరుతోందని నాకు మొదట చెప్పింది కాలేజీ బస్సు నడిపే అతను, నేను డ్రైవరు తమ్ముడూ అని పిలిచే మనిషి. నేను తడి జెర్సీలు తీగ మీద ఆరేస్తున్నాను. అతను ఎండలో నిలబడి, ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని చెప్పాడు.

"అక్కా, మన టీమ్‌ను ఇంకోళ్ళల్ల కలుపుతున్నరంట."

"ఎవురిలో?"

"నాకేం ఎర్క? కాలేజీలన్ని కలిసి ఏందో పెట్టుకున్నయంట. ఇగ వాళ్ళు చెప్పినట్టే ఆడాలె."

పెద్ద తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు అది. కడప దగ్గరి పల్లె నుంచి ఈ అరబ్బు దేశానికి, బౌషర్‌లో ఇంటి పనికని వచ్చిన నన్ను, ఆ ఇంటి యజమాని తన కాలేజీకి మార్చాడు. ఊడవడం, తుడవడం, సాయంత్రం ఆటగాళ్ళ బట్టలు ఉతకడం నా డ్యూటీ. బడి గడప తొక్కనిదాన్ని. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి బూడిదలో వేలితో దిద్దించిన అక్షరాలే నా చదువు. అలాంటిదాన్ని తెచ్చి కాలేజీలో పెట్టాడు స్వామి. ఉతుకుడు గదిలో నా పెట్టె మూత లోపల ఆయన పటం అంటించుకుని, రోజూ తడి చేతులతోనే దణ్ణం పెట్టుకునేదాన్ని.

అంతవరకు మా జట్టు ఏ గుంపులోనూ లేదు. రమ్మన్నవాళ్ళతో ఆడేది. ఒక వారం ఆసుపత్రి వాళ్ళతో, ఒక వారం బ్యాంకు వాళ్ళతో. ఒకసారి షినాస్ దాకా పోయి, చేపలు పట్టేవాళ్ళతో ఆడి ఓడి, గెలిచినవాళ్ళు ఇచ్చిన చేపలు బస్సులో వేసుకొచ్చారు. ఎన్ని ఉతుకులు ఉతికినా జెర్సీల్లో ఆ వాసన పోలేదు.

డ్రైవరు తమ్ముడు జట్టులోకి వచ్చిందీ అలాంటి రోజుల్లోనే. గోలు కాసే పిల్లవాడికి జ్వరమొస్తే, డ్యూటీ ప్యాంటుతోనే ఇతను నిలబడ్డాడు. జగిత్యాల దగ్గర ఏదో ఊరు అతనిది. డ్రైవరు కాకముందు సైట్లలో ఇటుకలు అందుకున్న చేతులవి. ఆ రోజు ఒక్క బంతిని కూడా పోనివ్వలేదట. అప్పట్నుంచి ఒకటో నంబరు చొక్కా అతనిదే. అతని ఛాతీకి పట్టకపోతే, పాత ఆకుపచ్చ కర్టెను చించి రెండు పక్కలా పట్టీలు వేసి వెడల్పు చేసింది నేనే.

అందుకే లీగు మాట వినగానే మా ఇద్దరికీ ఒకటే దిగులు పట్టుకుంది. ఆ చొక్కా అతనికి ఉంటుందా, పోతుందా?

మాకు తెలిసిన చేరడం ఒక్కటే. ఇక్కడ ఒక కంపెనీ వదిలి ఇంకో కంపెనీలో చేరాలంటే మన వీసా ఎవరి పేరున ఉందో ఆ కఫీలు రిలీజు కాగితం ఇవ్వాలి. కాగితాలు సరిగా లేనివాళ్ళను విమానం ఎక్కిస్తారు. జట్టు చేరడమూ అంతే అనుకున్నాం. ఆటగాళ్ళందరూ బుధవారం లోపల కాగితాలు ఇవ్వాలని కోచ్ సారు నోటీసు అంటించేసరికి ఇక అనుమానమే లేకపోయింది.

"జట్టు పోతే బట్టలూ పోతాయి గదా. మల్ల నన్నెవురి పేరు మింద రాస్తారు?" అన్నాను.

"నువ్వు గూడ ఇయ్యక్కా. ఇస్తె ఏం పోతది? ఇయ్యకుంటెనే పరేషాన్."

ఫొటో కోసం అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేసిచ్చాను. ఇద్దరి పాస్‌పోర్టు జిరాక్సులు, ఫొటోలు ఒకే కవరులో పెట్టాం. ఆ కవరును పటం ముందు కాసేపు ఉంచి, కళ్ళకద్దుకుని, ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

మరునాడు కోచ్ సారు మమ్మల్ని మైదానానికి పిలిచాడు. సూడాను మనిషి, పొడుగు, మెత్తని గొంతు. మాతో హిందీలో మాట్లాడేవాడు. ఆయన హిందీ, మా హిందీ ఎక్కడో మధ్యలో కలుసుకునేవి. ఆయన చేతిలో నా ఫొటో ఉంది.

"సిస్టర్, మీరు ఏ చోట ఆడతారు? ముందా, వెనకా?"

పిల్లలు పడీపడీ నవ్వారు. నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

"నేను ఉతుకుతాను సార్."

"మీరు ఉతక్కపోతే పదకొండు మందీ కంపు కొడుతూ ఆడాలి," అన్నాడాయన. "మీ పనికి ఏమీ కాదు. ఎవరి వీసా మారదు, ఎవరి కఫీలూ మారడు." అని నా కాగితాలు తిరిగిచ్చాడు. మనసులోనే స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ తర్వాత డ్రైవరు తమ్ముడి కాగితాలు కూడా తీసి, రెండు చేతులతో అతనికి ఇచ్చాడు. "ఇక ఇది కాలేజీల ఆట. చదివేవాళ్ళే ఆడాలి. ఆ ఖానూన్ నేను పెట్టింది కాదు."

"నేను రోజు కాలేజీకే వస్త గద సార్. అందరికంటె ముందు వస్త."

ఈసారి పిల్లలెవరూ నవ్వలేదు. కోచ్ సారు "ఖలాస్, భాయ్," అన్నాడు. అంతే.

ఇద్దరి కాగితాలూ వెనక్కే వచ్చాయి. నాకది మంచి కబురైంది, అతనికి చెడ్డ కబురైంది. ఒకే కవరులో పెట్టి మొక్కుకున్నాం కదా, ఇదెట్లా అని నాకు ఎంత ఆలోచించినా తెగలేదు. పటం ముందు నిలబడి, నా పని నిలిచినందుకు సంతోషం చెప్పుకోవాలో, అతని ఆట పోయినందుకు మొర పెట్టుకోవాలో తెలియక, పెట్టె మూత వేసేశాను. కాలేజీ అంతా పండగలా ఉంది. ఏ రోజు ఎవరితో ఆడాలో గోడ మీద అంటించారు. ఇక మన జట్టు ఒంటరిది కాదని పిల్లలు చెప్పుకుంటున్నారు. అంతకుముందు మాత్రం ఒంటరిగా ఎక్కడుంది? షినాస్ వాళ్ళు చేపలిచ్చారు కదా.

ఒకటో నంబరు చొక్కా ఒక సన్నటి పిల్లవాడికి ఇచ్చారు. పట్టీలు వేసిన చొక్కా లీగు వాళ్ళు ఒప్పుకోరట. నేను కుట్లు విప్పుతుంటే డ్రైవరు తమ్ముడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"విప్పుతున్నవా?"

"విప్పమన్నారు నాయనా. నేనేం సేసేది?"

"నడుము కాడ జర లోపలికి పట్టు. గాలికి ఉబ్బితే చెయ్యికి అడ్డం పడ్తది వానికి."

"నీకు కోపం రాల్యా?"

"వచ్చింది, మొన్న. ఇయ్యాల బస్సు కడిగేదుంది." ఊడిన పట్టీలు రెండూ తీసుకుని జేబులో కుక్కుకున్నాడు. "అద్దం తుడ్వనీకి మంచిగుంటయ్."

మొదటి ఆట మా మైదానంలోనే జరిగింది. ఎప్పుడూ గేటు దగ్గర ఉండే బస్సు ఆ రోజు సరిగ్గా మా గోలు వెనక ఆగి ఉంది. అతను మెట్టు మీద నిలబడి ఆకుపచ్చ గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. ఎంతసేపటికీ ఆ అద్దం శుభ్రం కాలేదు. అవతలివాళ్ళు బంతి తీసుకుని దూసుకొస్తుంటే అరబ్బీలో కేక వేశాడు. "యసార్! యసార్!" ఎడమకు జరగమని.

ఆ పిల్లవాడు వెనక్కి చూడలేదు. ఎడమకు జరిగాడు. బంతి వచ్చి అతని చేతుల్లో పడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను బస్సు వైపు చూశాను. డ్రైవరు తమ్ముడి రెండు చేతులూ ఛాతీకి అదుముకుని ఉన్నాయి, మధ్యలో ఆ గుడ్డ. నా చేతులు వాటంతటవే కలిశాయి. స్వామికి ఏం చెప్పుకోవాలో మాత్రం అప్పుడూ తోచలేదు.